థాయ్‌లాండ్‌లో మన ఏటీఎం కార్డుతో డబ్బు తీస్తే ఎంత పోతుంది?

కృష్ణలంక కుర్రాడు:

అందరికీ నమస్కారం. వచ్చే నెల మొదటి వారంలో మా ఆవిడ, పిల్లాడు, మా అమ్మ, నేను బ్యాంకాక్, క్రాబీ వెళ్తున్నాం. ఏడు రాత్రులు. హైదరాబాద్ నుంచి టికెట్లు, హోటళ్లు అన్నీ కట్టేశాం, ఇక మిగిలింది చేతిఖర్చు సంగతే. ఇంతవరకూ పాస్‌పోర్టు మీద ఒక్క ముద్ర కూడా పడని కుటుంబం మాది, కాబట్టి ప్రశ్నలు మరీ పిల్లల ప్రశ్నల్లా ఉంటే నవ్వుకోండి గానీ సమాధానం మాత్రం చెప్పండి.

నా దగ్గరున్నవి: ప్రభుత్వ బ్యాంకు రూపే డెబిట్ కార్డు ఒకటి (జీతం ఇందులోనే పడుతుంది), ఇంకో బ్యాంకుది వీసా డెబిట్ కార్డు, ఒక క్రెడిట్ కార్డు. బ్యాంకుకెళ్లి అడిగితే కౌంటర్లో అమ్మాయి "యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోండి సార్" అని తర్వాతి టోకెన్ పిలిచేసింది. మా బావమరిదేమో ఏటీఎంలో తీసుకోవడమే తేలిక అంటాడు, ఆఫీసులో ఒకాయన తీసిన ప్రతిసారీ వందలకు వందలు కోస్తారు అంటాడు. మా వీధి చివర ట్రావెల్స్ ఆయన "బిల్లు గిల్లు ఏమీ వద్దు, బాత్ (థాయ్ డబ్బు) నేనే ఇప్పిస్తా" అంటున్నాడు. మా అమ్మ అయితే బొడ్లో సంచిలో యాభై అయిదొందల నోట్లు దాచి, ఇవి అక్కడ చెల్లవా అని రోజూ అడుగుతోంది.

అసలు అక్కడ మెషీన్‌లో మన కార్డు పెడితే ఏమవుతుంది, ఎంత కోస్తారు, ఎన్నిసార్లు తీయాలి? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా లెక్కతో సహా చెప్తే పుణ్యం ఉంటుంది.

---

కూకట్‌పల్లి బ్యాచ్:

అన్నా, నేను పోయినేడు ఫ్రెండ్స్‌తో వెళ్లొచ్చిన, తెలివి లేక మస్తు పోగొట్టుకున్న, నా లెక్క రాస్తా చూడు.

అక్కడ ఏ బ్యాంకు ఏటీఎం అయినా బయటి దేశం కార్డు పెడితే సొంతంగా ఫీజు తీసుకుంటది, నేను పోయినప్పుడు 220 బాత్. స్క్రీన్ మీద ముందే చూపిస్తది, ఒప్పుకుంటేనే ముందుకు పోతది. నువ్వు వెయ్యి బాత్ తీసినా 220, ఇరవై వేలు తీసినా అదే 220. ఇది తెలియక నేను రోజు ఖర్చుకు రోజు అన్నట్టు ఐదుసార్లు మూడేసి వేలు తీసిన. అంటే 15,000 బాత్ కోసం 1,100 బాత్ వాళ్లకే ఇచ్చిన. అప్పుడు బాత్ రూ.2.60 దగ్గర ఉండె, కాబట్టి దాదాపు రూ.2,860. ఇది కాక మా బ్యాంకు తీసినప్పుడల్లా రూ.150, దాని మీద జీఎస్‌టీ కలిపి రూ.177 కోసింది, ఐదుసార్లకు రూ.885. అదే 15,000 ఒక్కసారి తీసుంటే ఈ రెండూ కలిపి రూ.750 లోపు అయిపోయేది.

కానీ అసలు దెబ్బ అది కాదు. మొదటి రాత్రి ఎయిర్‌పోర్టులో, నిద్రమత్తులో, వెనక లైన్ ఉంది, మెషీన్ అన్నీ అడిగినంక చివర్లో ఒక స్క్రీన్ వచ్చింది. మన రూపాయల్లో లెక్క వేసి చూపించింది: 3,220 బాత్, రేటు 2.82, మొత్తం రూ.9,080. కింద రెండు బటన్లు, ఒకటి "యాక్సెప్ట్ కన్వర్షన్", ఇంకోటి "డిక్లైన్ కన్వర్షన్". డిక్లైన్ నొక్కితే లావాదేవీ క్యాన్సిల్ అయితదేమో అని భయమేసి యాక్సెప్ట్ కొట్టిన. ఆ బటన్లు అట్ల భయపడేటట్టే పెడతారు! అదే 3,220 బాత్ కార్డు కంపెనీ రేటుకు రూ.8,372 అయ్యేది. ఒక్క బటన్‌కు రూ.700. పైగా రూపాయల్లో ఒప్పుకున్న కదా ఇంక మా బ్యాంకు మార్కప్ (విదేశీ లావాదేవీ మీద శాతం చొప్పున వేసే అదనపు ఛార్జీ) వేయదనుకున్న, అది కూడా వేసింది.

డిక్లైన్ నొక్కు అన్నా. డబ్బు వస్తది. తర్వాత నాలుగుసార్లు డిక్లైనే నొక్కిన, నాలుగుసార్లూ వచ్చింది.

---

పాత క్యాషియర్:

బాబూ, ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరైనవాణ్ని. పై కుర్రవాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ తెరకి బ్యాంకు భాషలో డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అని పెద్ద పేరు. అంటే బాత్ మొత్తాన్ని రూపాయల్లోకి మార్చే పని వీసా, మాస్టర్‌కార్డు వాళ్ల రేటుకి కాకుండా ఆ మెషీన్ తాలూకు వాళ్లు తమ సొంత రేటుకి చేస్తారు, ఆ తేడా వాళ్ల జేబులోకి పోతుంది. హోటల్లో, దుకాణంలో కార్డు గీసేటప్పుడు కూడా "రూపాయల్లోనా, బాత్‌లోనా" అని అడుగుతారు. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు డబ్బులోనే అనాలి.

ఇప్పుడు నీ కార్డుల సంగతి. రూపే కార్డు వెనక డిస్కవర్, డైనర్స్ క్లబ్ లేక జేసీబీ (ఇవి విదేశీ కార్డు కంపెనీలు) గుర్తు ఉందేమో చూడు. ఉంటే ఆ గుర్తులున్న మెషీన్లలో బయట పని చేస్తుంది, లేకపోతే అది మన దేశానికే పరిమితమైన కార్డు, దాని మీద ఆశ పెట్టుకోకు. గుర్తు ఉన్నా అలాంటి మెషీన్ వెతుక్కోవాలి కాబట్టి వీసా కార్డునే ప్రధానంగా పెట్టుకో. జీతం పడే ఖాతా నుంచి వీసా కార్డు ఖాతాలోకి కావలసినంత మాత్రం మార్చుకుని వెళ్లు. రేపు కార్డుకి ఏం జరిగినా పోయేది ఆ ఖాతాలో ఉన్నంతే కదా.

కౌంటర్లో అమ్మాయి టోకెన్ పిలిచేసినా చెప్పింది సరైన మాటే. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆ మార్చి 16 నుంచి ఇచ్చే కొత్త కార్డులు దేశంలోని ఏటీఎంలకి, దుకాణం మెషీన్లకి మాత్రమే తెరిచి ఇవ్వాలి, విదేశీ వాడకం కావాలంటే కార్డుదారే తెరుచుకోవాలి. యాప్‌లో విదేశీ ఏటీఎం వేరు, విదేశీ దుకాణం వేరు, ఆన్‌లైన్ వేరు, ఒక్కోదానికీ రోజువారీ పరిమితి వేరు. ఒక్కటి ఆన్ చేసి అన్నీ అయిపోయాయనుకుంటారు చాలామంది. విజయవాడలో ఉండగానే చేసుకో. అక్కడికెళ్లాక థాయ్ సిమ్ వేసి మన సిమ్ తీసి పర్సులో పెడితే ఆ యాప్ తెరుచుకోదు, ఓటీపీ రాదు. మన సిమ్ ఫోన్లోనే ఉంచి రోమింగ్ తెరిపించు. అన్నట్టు ఏటీఎంలో డబ్బు తీయడానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ చాలు.

ట్రావెల్స్ ఆయన బిల్లు లేకుండా ఇస్తానన్న బాత్ జోలికి పోవద్దు. విదేశీ నోట్లు రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకులో, మనీ ఛేంజర్ దగ్గర మాత్రమే కొనాలి, పాస్‌పోర్టు, పాన్ ఇచ్చి బిల్లు తీసుకోవాలి. ఒక్కో ప్రయాణానికి మనిషికి 3,000 డాలర్ల విలువ వరకు నోట్లుగా ఇస్తారు, మిగిలింది ఫారెక్స్ కార్డులో (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) వేసుకోవచ్చు. రూ.50,000 దాటితే నగదు చెల్లింపు తీసుకోరు, ఖాతా నుంచి కట్టాలి. టీసీఎస్ (డబ్బు కొనేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) అంటూ ఎవరైనా కంగారు పెడితే పట్టించుకోకు. విదేశీ ఖర్చుకి కొనే డబ్బు మీద అది 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది లక్షలు దాటితేనే.

అమ్మగారి అయిదొందల నోట్లు యాభై అంటే సరిగ్గా రూ.25,000. దేశం దాటేటప్పుడు మనిషి వెంట ఉంచుకోదగిన మన నోట్ల పరిమితి కూడా అంతే (నేపాల్, భూటాన్ లెక్క వేరు). ఆవిడకి తెలిసే దాచారో ఏమో గానీ లెక్క కుదిరింది! బ్యాంకాక్‌లో మనీ ఛేంజర్లు రూపాయలు కూడా తీసుకుంటారు, కాకపోతే డాలర్‌కి ఇచ్చినంత మంచి రేటు ఇవ్వరు.

---

టికెట్ కన్ఫర్మ్:

ఇంత గొడవెందుకు సార్, క్రెడిట్ కార్డు ఉంది కదా, ఏటీఎంలో పెట్టి తీసేసుకుంటే వచ్చే నెల బిల్లులో కట్టేయొచ్చు. పాయింట్లు కూడా వస్తాయి.

---

పాత క్యాషియర్:

పాయింట్లు రావు నాయనా. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే మామూలు కొనుగోలులా నలభై, యాభై రోజుల గడువు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ, అదీ చాలా కార్డులకి నెలకి మూడున్నర శాతం ఆ పైన. దానికి ముందు నగదు తీసినందుకు రెండున్నర శాతం, లేదా కనీసం అయిదొందలు అని ఒక ఫీజు. దాని మీద విదేశీ మార్కప్. అన్నిటి మీదా జీఎస్‌టీ. అప్పు చేసి పప్పు కూడు అంటే ఇదే. నగదుకి డెబిట్ కార్డు, హోటళ్లకి, మాల్స్‌కి క్రెడిట్ కార్డు, ఈ రెండూ కలపొద్దు. మరీ గత్యంతరం లేక క్రెడిట్ కార్డుతో తీసినా అదే రోజు యాప్‌లో తిరిగి కట్టేయాలి.

---

ఫ్రాంక్‌ఫర్ట్ పులిహోర:

ఇది థాయ్‌లాండ్ జబ్బు మాత్రమే అనుకోకండి. నేను ఇక్కడ జర్మనీలో ఉంటాను, రెండేళ్ల కింద ప్రాగ్ వెళ్లాం, పాతబస్తీలో అడుగడుగునా మెరిసిపోయే మెషీన్లు, ఏ బ్యాంకువీ కావు. నాకు కావలసింది రెండు వేల కొరునా, అది మొదటి స్క్రీన్ మీదే పదివేలు, ఎనిమిదివేలు అని పెద్ద బటన్లు చూపిస్తుంది, చిన్న మొత్తాలకి ఎక్కడో "అదర్ అమౌంట్"లోకి వెళ్లాలి. తర్వాత యూరోల్లో మార్చమంటావా అని. వద్దు అంటే "మీరు నిజంగా వద్దనుకుంటున్నారా" అని ఎర్ర అక్షరాల్లో ఇంకోసారి. యూరోపియన్ కార్డులకి యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటు కన్నా ఎంత శాతం ఎక్కువో చూపించాలని రూల్ ఉంది కాబట్టి మూలన చిన్న అక్షరాల్లో అదీ కనిపించింది, పన్నెండు చిల్లర. మన ఇండియా కార్డు పెడితే ఆ మాత్రం కూడా కనపడకపోవచ్చు.

నేనైతే పక్క సందులో మామూలు బ్యాంకు బ్రాంచి గోడకి ఉన్న ఏటీఎం వెతుక్కుని తీసుకున్నా. ఏ దేశమైనా సరే, టూరిస్టులు తిరిగే చోట ఒంటరిగా నిలబెట్టిన మెషీన్ దగ్గరికి పోను.

---

మూడోసారి బ్యాంకాక్:

బ్రాంచి గోడకి ఉన్న ఏటీఎం అన్నారు చూడండి, దానికి నేను ఇంకో కారణం చెప్తా.

క్రాబీలో ఆవో నాంగ్ బీచ్ రోడ్డు, రాత్రి పదిన్నర. మెషీన్ థాయ్‌లో మొదలైంది, ఇంగ్లీష్ బటన్ వెతికి నొక్కా, పిన్ కొట్టా, తర్వాత సేవింగ్సా కరెంటా క్రెడిటా అని అడిగితే పక్కన మా ఆయన, నేను వాదించుకుంటూ కూర్చున్నాం. మన దగ్గర చాలా మెషీన్లలో కార్డు పెట్టి వెంటనే తీసేయడమో, సగం బయటే ఉండడమో అలవాటు కదా, అక్కడ కార్డు మొత్తం లోపలికి మింగేసుకుంటుంది. టైమ్ అయిపోయింది అని కార్డు బయటికి తోసింది, మేమేమో స్క్రీన్ చదువుతున్నాం, ఒకటే బీప్ బీప్, మా ఆయన చెయ్యి పెట్టేలోగా మళ్లీ లోపలికి లాగేసుకుంది. ఇక రాలేదు.

మర్నాడు ఆ బ్యాంకు వాళ్లకి ఫోన్ చేస్తే మెషీన్‌లో ఇరుక్కున్న విదేశీ కార్డులు చేతికివ్వం, రద్దు చేసి కొత్తది తీసుకోమన్నారు. అది దుకాణం బయట పెట్టిన మెషీన్, అడగడానికి లోపల మనిషే లేడు. పగటిపూట, బ్రాంచి తెరిచి ఉన్నప్పుడు, దాని గోడకున్న మెషీన్‌లో తీసుంటే కనీసం పాస్‌పోర్టు పట్టుకుని లోపలికి వెళ్లి అడిగేదాన్ని.

నన్ను కాపాడింది రెండో కార్డు. అది పర్సులో కాదు, హోటల్ గదిలో పెట్టెలో మందుల డబ్బా కింద ఉంది. మీరు కూడా వీసా కార్డు మీ దగ్గర, రెండోది మీ ఆవిడ దగ్గర పెట్టండి, రెండూ ఒకే పర్సులో వద్దు. డెబిట్ కార్డుకి సేవింగ్స్ నొక్కండి. కొన్ని మెషీన్లు డబ్బు ముందు ఇచ్చి కార్డు తర్వాత ఇస్తాయి, డబ్బు చేతికి రాగానే సంబరంగా వెళ్లిపోతే కార్డు అక్కడే ఉండిపోతుంది.

ఇంకో మాట, ఎయిర్‌పోర్టు గురించి. మన దగ్గర డాలర్ల నోట్లు కొని అక్కడ బాత్‌లోకి మార్చుకునేటట్టయితే, బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో సామాను తీసుకుని బయటికి రాగానే కనిపించే కౌంటర్ల దగ్గర డాలర్లు మార్చకండి. ఎస్కలేటర్‌లో అట్టడుగు అంతస్తుకి దిగండి, సిటీ రైలు ఎక్కే చోట, బి అని రాసి ఉంటుంది. అక్కడ సూపర్‌రిచ్ లాంటి ఛేంజర్ల రేటు పైనున్న కౌంటర్ల కన్నా స్పష్టంగా మెరుగు. పాస్‌పోర్టు చూపించాలి. 100 డాలర్ల నోటుకి ఇచ్చే రేటు 20, 10 డాలర్ల నోట్లకి ఇవ్వరు, నోటు మీద గీత, మరక, చిరుగు ఉంటే తీసుకోరు. హైదరాబాద్‌లో కొనేటప్పుడే వందల నోట్లు, కొత్తవి అడిగి తీసుకోండి.

---

సింగపూర్ సాంబారు:

యూపీఐ సంగతి ఎవరూ అనలేదే? మన ఫోన్‌పేలు, జీపేలు భూటాన్, నేపాల్, సింగపూర్, దుబాయ్, మారిషస్, శ్రీలంక లాంటి చోట్ల కొన్ని దుకాణాల్లో పని చేస్తున్నాయి, నేనే ఇక్కడ సింగపూర్‌లో ముస్తఫా షాపింగ్ సెంటర్లో కట్టాను. థాయ్‌లాండ్‌లో దాని మీద ఆధారపడి మాత్రం వెళ్లకండి. అక్కడ కొబ్బరి బొండాల బండి మీద కూడా క్యూఆర్ ఉంటుంది, అది వాళ్ల సొంత చెల్లింపు పద్ధతి ప్రామ్ట్‌పే, చూసి ఆశపడొద్దు. బండి మీద తిండికి, టుక్‌టుక్‌కి, పడవకి, గుడి టికెట్టుకి నోట్లే కావాలి.

---

కృష్ణలంక కుర్రాడు:

అందరికీ పేరుపేరునా దండాలు. రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని ఇదంతా చదివి మా ఆవిడకి కూడా చదివి వినిపించా. యాప్ తెరిచి చూస్తే విదేశీ దుకాణం ఆన్‌లో ఉంది, విదేశీ ఏటీఎం ఆఫ్‌లో ఉంది, క్యాషియర్ గారు చెప్పకపోతే అక్కడికెళ్లి మెషీన్ ముందు తెల్లమొహం వేసేవాణ్ని. రూపే కార్డు వెనక ఏ గుర్తూ లేదు, అది ఇంట్లోనే.

రెండు చిన్న అనుమానాలు. ఒకటి, మా పిన్ నాలుగంకెలు, బయట మెషీన్లు ఆరంకెలు అడుగుతాయట కదా? రెండు, డబ్బు రాకుండా ఖాతాలో కట్ అయిపోతే మన దగ్గరలాగా ఐదు రోజుల్లో తిరిగి పడుతుందా?

---

కూకట్‌పల్లి బ్యాచ్:

పిన్ నాలుగే కొట్టి పచ్చ బటన్ నొక్కిన, పని చేసింది. కొన్నిట్లో ఆరు గళ్లు కనిపిస్తయి, ముందు సున్నాలు గిన్నాలు కలపకు. మూడుసార్లు తప్పు కొడితే కార్డు లాక్ అయితది, రెండుసార్లు తప్పితే ఆపేసి వేరే మెషీన్ చూసుకో.

---

పాత క్యాషియర్:

రెండో ప్రశ్న మంచిది. ఆ ఐదు రోజుల నియమం, ఆలస్యమైతే రోజుకి వంద పరిహారం, రెండూ దేశం లోపలి లావాదేవీలకే. బయట జరిగితే ఫిర్యాదు మన బ్యాంకుకే ఇవ్వాలి, వాళ్లు వీసా ద్వారా అక్కడి బ్యాంకుని అడుగుతారు, అది వారాలు పట్టే పని. కాబట్టి మెషీన్ ఇచ్చిన స్లిప్పు పారేయకు. స్లిప్పు రాకపోతే మెషీన్ మీద అంటించిన నంబరు, టైము కనపడేలా ఫోటో తీసుకో. వచ్చిన స్లిప్పుని కూడా ఫోటో తియ్యి. అది వేడి కాగితం, నాలుగు వారాలు పర్సులో నలిగితే తెల్లకాగితమే మిగులుతుంది. కౌంటర్లో అలాంటి తెల్లకాగితాలు ఎన్ని చూశానో! పాపం, మనుషులు వాటిని భద్రంగా మడతపెట్టి తెచ్చేవారు.

బ్యాంకు ముప్పై రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చు లేదు.

నువ్వు తీయని డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే అది వేరే సంగతి. వెంటనే యాప్‌లో కార్డు ఆపేసి బ్యాంకుకి చెప్పాలి. తప్పు నీదీ బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాల్లోపు చెబితే నీ మీద భారం పడకూడదని 2017 జులై సర్క్యులర్ ఉంది. మన బ్యాంకు విదేశం నుంచి పిలిచే నంబరు ఫోన్లో కాకుండా కాగితం మీద కూడా రాసుకో, టోల్‌ఫ్రీ నంబర్లు బయటి నుంచి కలవకపోవచ్చు.

---

కృష్ణలంక కుర్రాడు:

వెళ్లొచ్చాం! మాట ప్రకారం లెక్క రాస్తున్నా, తర్వాత వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.

హైదరాబాద్‌లో మూడు వంద డాలర్ల నోట్లు కొన్నా, బిల్లుతో. సువర్ణభూమిలో పైన కౌంటర్ల వాళ్లు చేతులూపి పిలుస్తున్నా మా అమ్మని, పెట్టెల్ని వేసుకుని బి అంతస్తుకి దిగాం. మా అమ్మకి ఎస్కలేటర్ భయం, లిఫ్ట్ వెతకడానికే పావుగంట. 9,600 బాత్ పైచిలుకు వచ్చింది, బ్యాంకాక్ మూడు రోజులూ దానితోనే గడిచిపోయాయి.

క్రాబీలో ఒకే ఒక్కసారి ఏటీఎం. టౌన్‌లో బ్యాంకు బ్రాంచి, పొద్దున్న పదకొండు, తలుపు తెరిచి ఉంది, నేను మెషీన్ దగ్గర, మా ఆవిడ నా వెనకాల వీపు అడ్డం పెట్టి కాపలా. 15,000 బాత్ కొట్టా. 220 ఫీజు చూపించింది, సరే అన్నా. అప్పుడొచ్చింది ఆ స్క్రీన్! ఇన్నాళ్లూ ఇక్కడ చదివి చదివి దాన్ని చూడగానే పాత స్నేహితుణ్ని చూసినట్టు అనిపించింది. 15,220 బాత్, రేటు 2.86, మొత్తం రూ.43,529. రూపాయల బటన్ పచ్చగా పెద్దగా ఉంది, రెండోది బూడిద రంగులో. వెనకనుంచి మా ఆవిడ "ఆ బూడిదది, ఆ బూడిదది" అని గట్టిగా అంటోంది, పక్కనున్న తెల్లాయన తిరిగి చూశాడు. బూడిదది నొక్కా. రెండు సెకన్లు ఏమీ కాలేదు, ఆ రెండు సెకన్లూ టెన్షన్‌తో చచ్చా. తర్వాత లోపల గరగరమని చప్పుడు, పదిహేను వెయ్యి బాత్ నోట్లు.

ఖాతాలో పడిన లెక్క ఇది. 15,220 బాత్‌కి రూ.40,333, అంటే రేటు 2.65. రెండు రోజుల తర్వాత వేరే వరుసలో మార్కప్ మూడున్నర శాతం, జీఎస్‌టీతో కలిపి రూ.1,666. ఇంకో వరుసలో రూ.177. మొత్తం రూ.42,176. చేతికొచ్చిన 15,000 బాత్ ఆ రేటుకి రూ.39,750 కదా, అంటే అదనంగా పోయింది రూ.2,426, ఆరు శాతం పైనే. తక్కువేం కాదు. పచ్చ బటన్ నొక్కి ఉంటే దీని మీద ఇంకో రూ.3,200 పోయేది. ఈసారి మార్కప్ లేని కార్డు ఒకటి తీసుకుని వెళ్దామని మా ఆవిడ ఇప్పటికే చూస్తోంది (ఈసారి అంటే ఎప్పుడో, నాకు చెప్పలేదు).

మిగిలిన బాత్ నోట్లు ఎయిర్‌పోర్టులో ఖర్చు పెట్టేశాం, చిల్లర నాణేలు ఎవరూ మార్చరు కాబట్టి పది బాత్ బిళ్లలు మావాడి పెన్సిల్ డబ్బాలో ఉన్నాయి, స్కూల్లో గొప్పలు పోతున్నాడు.

---

పాత క్యాషియర్:

లెక్క పైసాతో సహా సరిపోయింది, సంతోషం. యాప్‌లో విదేశీ వాడకం మళ్లీ ఆఫ్ చేశావా? స్లిప్పు ఫోటో తీశావా? ఇంతకీ అమ్మగారి అయిదొందల నోట్లు ఏమయ్యాయి?

---

కృష్ణలంక కుర్రాడు:

ఆఫ్ చేశా సార్, దిగిన రోజే. ఫోటో కూడా తీశా, స్లిప్పు అప్పుడే సగం వెలిసిపోయింది. యాభై నోట్లూ వెళ్లిన సంచిలోనే తిరిగి వచ్చాయి, ఒక్కటి కూడా బయటికి తీయలేదు. నిన్న నా ముందే లెక్కపెట్టుకుని నలభై తొమ్మిది వచ్చాయని నా వైపు అదోలా చూసింది, మళ్లీ లెక్కపెడితే రెండు నోట్లు అతుక్కుని ఉన్నాయి.